కాయల్లేని కళ్లంలో వాలీబాల్

ఇవాళ గానుగ నూనె సీసా మూత తీయగానే నాయన వాలీబాల్ గుర్తొచ్చింది. ఎండకు తోలు బంతి పగుళ్లివ్వకుండా నాయన పనిచేసే నూనె మిల్లులో పనివాళ్లు దానికి వేరుశనగ నూనె రుద్దేవాళ్లు. కళ్యాణదుర్గం వైపు నూనె మిల్లుల పక్కన పెరిగిన నా ఈడు వాళ్లారా, మీకూ ఆ వాసన గుర్తుందా?

మిల్లు కళ్లంలో వేరుశనగ కాయలు ఆరబోస్తే ఆట లేనట్టే. కళ్లం ఖాళీ అయితేనే వల కట్టేవాళ్లు. అందుకే కాయల లారీ వస్తే నాకు ఏడుపొచ్చేది.

వానలు పడని ఆ ఏడు ఒక్క లారీ కూడా రాలేదు. పని లేక అందరూ పొద్దున్నుంచే ఆడేవాళ్లు. నేను గోడెక్కి చప్పట్లు కొట్టేదాన్ని.

"నాయనా, రేపు గూడా చెనిక్కాయలు రావు గదా?" అని ఒకరోజు సంబరంగా అరిచాను.

సర్వీసు వేయబోతున్న నాయన చెయ్యి ఆగిపోయింది. మిగతావాళ్లు తలలు దించుకున్నారు.

"రావులేమ్మా. ఇంగ యాడొస్తాయి? నువ్వు కూచోని సూడు, ఆడతాం."

ఆ నెలలోనే మిల్లుకు తాళం పడింది. నాయన బెంగుళూరులో ఇటుకలు మోస్తూనే ముసలివాడయ్యాడు, బంతి మళ్లీ ముట్టలేదు.

ఆ రోజు నన్ను ఒక దెబ్బ కొట్టినా బాగుండేది.