కుడి తొడ మీద కావి గుర్తు

ఉదయగిరిలో మా పక్కింటి రాధికకు అసూయ ఎక్కువని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. అసూయ చాలా చిన్నమాట. తోటికోడలు అశ్విత ఆత్మకూరు నుంచి కాపురానికి వచ్చిన రోజు మొదలు రాధిక కళ్లలో నిప్పులు పోసుకుంది.

అంతకుముందు ఆ ఇంట్లో బొమ్మ గీయాలంటే రాధికే. గోడల మీద నెమళ్లు, వాకిట్లో ముగ్గులు, చివరికి గొర్రెల గుర్తులు కూడా ఆమె చేతివే. మందలన్నీ ఒకచోట మేస్తాయి కనుక ఎవరి గొర్రెలకు వాళ్లు రంగు గుర్తు పెట్టుకుంటారు. వీళ్లది కుడి తొడ మీద కావి గీత. అదే గీత ఎడమ తొడ మీదుంటే ఆదినారాయణ మంద. మామ మునెయ్య ఆ పని పెద్దకోడలికి తప్ప ఎవరికీ ఇవ్వడు.

అశ్విత డబ్బా నిండా వాటర్‌కలర్ పెన్సిళ్లు తెచ్చుకుంది. ముందు గీసి, తర్వాత తడి కుంచెతో రుద్దితే గీతలు కరిగి రంగు పరుచుకుంటుంది. వీధి ఆడవాళ్లంతా నోళ్లు తెరిచారు.

"బడిపిల్లకాయల ఆట" అని రాధిక మూతి తిప్పింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నీలం పెన్సిల్‌తో అరచేతిలో గీసుకుని, ఉమ్మి తడి చేసి చూసుకుంది. పిట్టగోడ మీంచి నేను చూశాను. రంగు చక్కగా విచ్చుకునేసరికి ఆమెకు ఇంకా మండింది.

వేసవిలో మునెయ్య ముద్దుల పొట్టేలు జబ్బు చేసి చచ్చిపోయింది. "దాని బొమ్మ గీసి పెట్టండమ్మా, నడవలో తగిలించుకుంటా" అన్నాడు. అడిగింది ఇద్దరినీ, పెన్సిళ్లున్నది ఒకరికే. అశ్విత సెల్ఫీలో ఆమె వెనక తోక ఇటు పెట్టి నిలబడి, మెడ తిప్పి చూస్తున్న పొట్టేలు ఉంది. దాన్ని చూసి గీసింది. సెల్ఫీలో కుడి ఎడమైపోతుందని ఆ పిల్లకు తట్టలేదు.

పక్కనే గోరుచిక్కుళ్లు తుంచుతున్న రాధికకు తట్టింది. కావి రంగు ఎడమ తొడ మీద పడుతుంటే నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. మామ చేత చీవాట్లు తిననీ అనుకుంది. ఆ పూట కూర కూడా బాగా కుదిరింది.

సాయంత్రం మునెయ్య బొమ్మ అందుకున్నాడు. కొమ్ములు తడిమాడు, కళ్లు తడిమాడు, గుర్తు దగ్గర ఆగాడు.

"ఇది ఆదినారాయణ పొట్టేలు గదా!"

అశ్విత ముఖం పాలిపోయింది. రాధికకు లోపల పండగే. అయితే ముసలాయన తిరిగింది ఆమె వైపు.

"ఆ పిల్లకేం తెలుసు, నిన్నగాక మొన్న వచ్చినాది. పక్కనే కూచోని నువ్వేం చూస్తా ఉండావు? అది నీ చేతి గురుతు. నువ్వే దాన్ని పక్క మందలోకి తోలేస్తివే!"

అశ్విత తడిగుడ్డతో ఎడమ తొడ మీది రంగు అద్ది తీసేసి, పెన్సిల్ రాధిక చేతికిచ్చింది. "నువ్వే పెట్టక్కా."

రాధిక కుడి తొడ మీద గీత గీసింది. కుంచె ఇవ్వబోతే వద్దంది.

ఆ బొమ్మ ఇప్పుడు నడవలో ఉంది. వచ్చినవాళ్లు అశ్వితను మెచ్చుకుంటే రాధికకు నేటికీ కడుపు మండుతుంది. మునెయ్య మాత్రం ఆ పొడిగీత మీద వేలు పెట్టి, "ఇది మా పెద్దకోడలి చెయ్యి. దీన్ని బట్టే నా పొట్టేలని చెప్పగలను" అంటాడు.

అప్పుడు రాధిక అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లిపోతుంది.