పలకరించే కెమెరా

రాయికల్‌లో బీడీలు చుట్టే ముత్తవ్వ ఏది కొనాలన్నా ముందు నలుగురి ఇళ్లలో చూసి వస్తుంది. వాకిట్లో ఎండబెట్టిన వడ్లను కోతులు పాడుచేస్తున్నాయని కూతురు అఖిల ఫోన్‌లో రెండు చవక కెమెరాలు చూపించింది. ముత్తవ్వ వేళ్లకంటిన తంబాకు పొడిని కొంగుకు తుడుచుకుని, ఆ రెండూ బిగించిన ఇళ్లకు స్వయంగా వెళ్లింది. మొదటి కెమెరాలో ఆమె ముక్కుపుడక కూడా స్పష్టంగా కనిపించింది. రెండో ఇంటి గేటు మీద చెయ్యి వేయగానే గోడ మీది కెమెరాలోంచి, ఎక్కడో ఉండి ఫోన్‌లో చూస్తున్న ఇంటామె గొంతు "ఎవరది? ఏం గావాలె?" అని గద్దించింది. కూలిపనికి పోయిన ప్రతి వాకిట్లో విన్న మాటే అది. ముత్తవ్వ గేటు మీంచి చెయ్యి తీసేసింది.

"గా రెండోదే తీసుకుందాం బిడ్డా," అంది ఇంటికొచ్చి.

"మొదటిదాంట్ల బొమ్మ మంచిగున్నది గదనే?"

"మనిషి కనవడితె సాలదు, పలకరియ్యాలె."

కెమెరా బిగించిన వారానికి, కార్ఖానాలో బీడీ కట్టలు అప్పజెప్పే వరుసలో ఉండగా ముత్తవ్వ ఫోన్ మోగింది. తెరమీద, ఎండలో చీపుర్ల మోపుతో ఎవరో ముసలామె తమ ఇంటి గేటు ముందు నిలబడి ఉంది. ముత్తవ్వ మీట నొక్కి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "గొళ్లెం తీసుకొని లోపల్కి రా అక్కా! నీడకు కూసో, కుండల నీళ్లున్నయ్," అని కేకేసింది.

వరుసలోని ఆడవాళ్లు పకపకా నవ్వారు. ముసలామె అటూ ఇటూ చూసి, మోపు దించి, చెంబు ఎత్తి గటగటా తాగేదాకా ముత్తవ్వ తెరమీంచి కళ్లు తిప్పలేదు.