మేడ మీద మామిడి అంట్లు

1998 జూన్‌లో నన్ను రాజమండ్రిలోని ఒక మున్సిపల్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయినిగా వేశారు. తెల్లదొరల కాలంలో ఉప్పు గిడ్డంగిగా కట్టి, తర్వాత బడిగా మార్చిన మేడ అది. పై అంతస్తులో పదో తరగతి ఆడపిల్లలు కూర్చునేవారు. వాళ్లు గెంతితే కింద నా టేబులు మీద సున్నం రాలేది.

ఆగస్టులో మున్సిపల్ ఇంజినీరు గారు వచ్చి టేకు దూలాలు తట్టి చూశారు. బరువు పరీక్షలో నెగ్గితేనే పై అంతస్తు వాడుకోవాలన్నారు. లేకపోతే ఆ సెక్షన్లు రైలు పట్టాలకవతలి బడికి పోతాయి. అంత దూరం పంపం, చదువు మాన్పించేస్తామని తల్లిదండ్రులు నా మొహం మీదే చెప్పేశారు.

బరువు పరీక్ష అంటే గది నిండా ఇసుక బస్తాలు పేర్చి, మర్నాటి దాకా ఉంచి, దూలం ఎంత కుంగిందో కింద బిగించిన గేజి ముల్లును బట్టి చూడటం. బస్తాలన్నీ వరదకని గోదావరి గట్టు మీదికి పోయాయి. మా డ్రాయింగు మాస్టారిది నర్సరీల ఊరు కడియం. "ఇసుకైతేనేం, మట్టైతేనేం అండి! మా బావగారి నర్సరీ నుంచి లారీడు మొక్కలు దింపించేస్తాను" అన్నారు. ఇంజినీరు గారు నవ్వేసి, కుండీలు తూకం వేయించి ఒప్పుకున్నారు.

అబ్బ, ఆ మేడ చూడాలి! మందారాలు, క్రోటన్లు, మామిడి అంట్లు! పిల్లలు మైదానంలో ఒకటే ఈలలు, చప్పట్లు.

సాయంత్రం మేం ముల్లు చూస్తుంటే ఇంజినీరు గారి బట్టతల మీద టప్పుమని చుక్క పడింది. వెనకే ధార. ముల్లు కదిలింది! "ఎవరండీ పైన?" అని ఆయన కేక పెట్టారు. నర్సరీ కూలి రంగమ్మ బిందెతో తొంగి చూసింది. "పొద్దోయింది కదండీ బాబూ, నీళ్లెట్టొద్దా మరి?" అంది. వెనకే మిగతా కూలీలూ బిందెలతో! మొక్క కనబడితే వాళ్ల చెయ్యి ఊరుకోదు. అందరినీ పరుగున దింపించాం.

కాసేపటికి ముల్లు ఆగింది. తెల్లారినా అక్కడే ఉంది. బరువు దించాక వెనక్కి వచ్చింది. "నీళ్లతో కలిపి అడిగినదాని కన్నా ఎక్కువే మోసిందండీ మీ మేడ!" అన్నారాయన. నేను హోదా మరిచి పిల్లలతో పాటు గెంతాను. కిందే లెండి.

ఒక్క పిల్ల కూడా బడి మానలేదు. గదికి ఇంతమందని ఆయన రాసిచ్చిన లెక్కలో నేను పుస్తకాల సంచులు, తడిసిన గొడుగులు, పక్క తరగతి నుంచి కబుర్లకొచ్చే నేస్తాలను కూడా కలిపి, పైన కొన్ని బెంచీలు తగ్గించి కింది గదుల్లో వేయించాను. భద్రత లెక్క కట్టేటప్పుడు గదితో పాటు అందులో జనం అలవాటుగా చేసే పనులను కూడా చూడాలని ఆ పరీక్ష నాకు నేర్పింది.