ఈశ్వరయ్య అంకుల్ కాటా

ఈశ్వరయ్య అంకుల్ ఈ లోకంలో దేన్నీ తూచకుండా నమ్మరు. మాటను నమ్మరు, కంటిని నమ్మరు, పొట్లం మీద అచ్చు వేసిన అంకెను అసలే నమ్మరు. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లోని వారింటికి భోజనానికి వెళ్లినవారు ఎంతటివారైనా గుమ్మం పక్కనున్న కాటా ఎక్కి దిగాకే సోఫా దాకా వెళ్లాలి. "ఊరికే, రికార్డు కోసం" అంటారు. ఒక ఉగాదికి మా అమ్మ ఆ రికార్డుకు జడిసి, గడప అవతలే పచ్చడి పుచ్చుకుని ఇంటికి తిరిగి వచ్చేసింది.

దీనికి మూలం లేకపోలేదు. చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు కావడానికి చాలా ముందు, కుర్రతనంలో, ఆయన కృష్ణా జిల్లాలో చెరకు బళ్లు తూచే కాటా దగ్గర రెండేళ్లు పనిచేశారు. "అక్కడ తూకం తప్పితే రైతు మునుగుతాడమ్మా" అనేవారు. ఆ రైతు కోసం ఇప్పటికీ చట్నీ తూస్తున్నారు.

రిటైరయ్యాక ఆయన ఒక పికప్ ట్రక్కు, దాని వీపున కూర్చోబెట్టే కేంపర్ కొన్నారు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న చిన్న గది అది. మూడేళ్లలో ఆ గది ఊరు దాటింది నాలుగుసార్లు. సరిగా కూర్చుందో లేదో చూడటానికి ట్రక్కు ఎక్కి దిగింది సుమారు వందసార్లు.

2010 వినాయక చవితి నాడు ఆ కేంపర్ నాకు కావాలని అడిగాను. లా పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్న రోజులవి. మూడు గంటల దూరంలోని యూమాలో లెట్యూస్ ఆకుకూర కోసే కూలీలకు పొలంలో తాగునీళ్లయినా సరిగా ఇవ్వరు. ఫలితం వచ్చాక, డిసెంబరులో ఒక ఆదివారం వారందరి ఫిర్యాదులూ ఉచితంగా రాసిపెట్టాలని నా సంకల్పం. సంకల్పం ఉంది, ఆఫీసు లేదు.

"ప్రింటర్ కూడా తెస్తాను అంకుల్. చేతిలో కాగితం లేని హక్కు గాలిలో దీపం."

"బరువెంత?"

"హక్కుదా?"

"ప్రింటర్‌ది."

ఇరవై రెండు పౌండ్లు. ఆయన జేబులోంచి నోట్‌బుక్కు తీసి లెక్కవేసి, తల అడ్డంగా ఊపారు. "కుదరదు ఉజ్వలా. ట్రక్కు డోర్ మీద పసుపు స్టిక్కర్ చూడు, ఎంత మోయగలదో రాసుంది. దాని దృష్టిలో నువ్వూ నేనూ కూడా సరుకే. లిమిట్ దాటుతాం."

న్యాయం ఇరవై రెండు పౌండ్ల దగ్గర ఆగిపోవడమా! నలభై నిమిషాలు వాదించాను. కేసు కొట్టేశారు.

ఆ రోజు నుంచే ఆయన గారెలు మానేశారు. నాగమల్లేశ్వరి ఆంటీ గారెలంటే ఫీనిక్స్ అవతలి నుంచి కూడా జనం వస్తారు. ఆయన మాత్రం ప్లేటు పక్కకు జరిపి మజ్జిగ తాగేవారు. ఆంటీ నన్ను వంటింట్లోకి లాగి, "మీ అంకుల్‌కి షుగరొచ్చి నా దగ్గర దాస్తున్నారే! అడిగితే ఆకలి లేదంటారు. గారెలకి ఆకలెందుకు చెప్పు?" అని కళ్లొత్తుకుంది.

డిసెంబరు వచ్చింది. యూమాలో నలభై మంది ఆదివారం ఉదయం తొమ్మిదికి వస్తామన్నారు. వారికి సెలవు ఆ ఒక్కపూటే. శనివారం మధ్యాహ్నానికల్లా బయలుదేరాలని నా పట్టుదల. కేంపర్ ఇంకా నాలుగు జాక్‌ల మీద గాలిలో నిలబడి ఉంది. దాని కిందికి ట్రక్కును వెనక్కి నడపాలి.

"కుడికి అర అంగుళం తేడా వచ్చింది" అని అంకుల్ ట్రక్కు ముందుకు తీశారు. అది ఆరోసారి.

"అర అంగుళానికి ఏమవుతుంది అంకుల్?"

"లాయర్‌వి, అర అక్షరానికి ఏమవుతుందో తెలీదూ?"

కేసు వాయిదా వేసి, వాచీ చూసుకుంటూ పక్కకు జరిగాను.

ఏడోసారికి కుదిరింది. జాక్‌లు దించి, కేంపర్ జారకుండా కింద పరచిన రబ్బరు చాపను తడిమి, నాలుగు మూలలా గొలుసులు బిగించారు. "బరువంతా వెనక ఇరుసుకు కాస్త ముందే ఉండాలమ్మా. వెనక్కి పోయిందో, ట్రక్కు తలెగరేస్తుంది, స్టీరింగ్ మాట వినదు." ఆపైన దుప్పట్లు తూచారు, నా ఫైళ్లు తూచారు. ఆంటీ తెచ్చిన గోంగూర సీసాలు తూచి, సగం తీసి వెనక్కిచ్చారు.

"ఏమండీ, మీకు నా గోంగూరా బరువైపోయిందీ!"

"నీ గోంగూర కాదు నాగమల్లీ, గాజు."

ఆ గొడవ సందులో నేను నా కారులోంచి ప్రింటర్ తెచ్చి, కేంపర్ వెనక మూలన దుప్పటి కింద దాచాను. న్యాయవాదిగా ప్రమాణం చేసి రెండు నెలలు నిండకముందే దొంగసరుకు రవాణాకు పాల్పడ్డాను.

హైవే పక్కన లారీలు తూచే పెద్ద కాటా ఉంది. అంకుల్ ట్రక్కును నేరుగా దాని మీదికి ఎక్కించారు. దొరికిపోతే ప్రింటర్ దిగిపోతుంది. రేపు నలభై మందీ ఖాళీ చేతులతో వెళతారు. చీటీ వచ్చింది.

పరిమితికి ఇరవై పౌండ్లు తక్కువ.

"అంకుల్, మీ లెక్క తప్పు!" అని గెలుపు ఆపుకోలేక అరిచాను. "ప్రింటర్‌తో సహా ఇది!"

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నోట్‌బుక్కు నా చేతికిచ్చారు. చవితి తేదీ కింద రెండే వరుసలు: ప్రింటర్, ఇరవై రెండు ఎక్కువ. ఈశ్వరయ్య, ఇరవై రెండు తక్కువ.

గారెలు గుర్తొచ్చాయి. మజ్జిగా గుర్తొచ్చింది.

"అప్పుడే చెప్పొచ్చుగా అంకుల్!"

"చెబితే ఇంకో ఇరవై రెండు పౌండ్ల పుస్తకాలు తెచ్చేదానివి. సరేగానీ, దుప్పటి కింది ప్రింటర్ ముందు గోడ దగ్గరికి జరుపు. అది ఇరుసుకు వెనకుంది."

జరిపాను. ఆపైన ఆంటీకి ఫోన్ చేసి, షుగరు లేదని, జరిగింది ఇదని చెప్పాను.

"రేపు తిరిగొచ్చేసరికి మినప్పప్పు నానబెట్టి ఉంచుతానని చెప్పు" అంది ఆంటీ. "నానాక ఎంత తూగుతుందో కూడా రాసుకోమను, మహానుభావుణ్ణి!"

అంకుల్ ఇంజన్ స్టార్ట్ చేయబోతూ ఆగి, నోట్‌బుక్కు కోసం చేయి చాపారు.

"వచ్చేసరికి నీళ్ల ట్యాంకు ఖాళీ అవుతుంది, ఆ బరువు మేరకు గారెలు తినొచ్చు" అన్నారు పెన్సిల్ తీస్తూ. "ఎన్ని గ్లాసుల పప్పో అడుగు."