మునిలక్ష్మి సరిచేసిన ఫైలు

కుందలహళ్ళి దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మునిలక్ష్మి పనిచేసేది. కబ్బన్‌పేటలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి. చుట్టూ ఎవరెంత అరిచినా తన పని తాను చేసుకుపోయేది. 2008 వానాకాలంలో ఆ ఓపిక కాస్తా హరించుకుపోయింది.

జిగణిలోని ఒక ఫ్యాక్టరీకి వీళ్ళ కంపెనీ హాజరు సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది. పనివాళ్ళు గేటు దగ్గర కార్డు చూపిస్తే, డేటాబేస్‌లోంచి వాళ్ళ వివరాలు తీసి గేటు తెరవాలి. ఆఫీసులో దాన్ని పరీక్షించేటప్పుడు అసలు డేటాబేస్ వాడేవారు కాదు. దాని స్థానంలో మాక్ అనే ఉత్తుత్తి డేటాబేస్‌ను కూర్చోబెట్టేవారు. అది మనం ముందే నేర్పిన జవాబు మనకే అప్పజెబుతుంది. పరీక్షలు చిటికెలో అయిపోతాయి, తెర మీద అంతా పచ్చగా కనిపిస్తుంది. మేనేజరు శ్రుతికి ఆ పచ్చదనం ఉంటే చాలు.

ఒక సోమవారం పొద్దున ఫ్యాక్టరీలో హాజరు చూసే టైమాఫీసు నుంచి ఓబళప్ప ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, కొత్తగా చేరిన జనమంతా వానలో నిలబడుండారు. కార్డు పెడితే మీ మిషను బిగుసుకుపోతాది. ఏం చేసేది?"

కొత్తవాళ్ళకు ఇంకా షిఫ్టు వేయలేదు. డేటాబేస్‌లో ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి ఎదురైతే ఏం చేయాలో ప్రోగ్రాముకు తెలియదు.

"మన టెస్ట్‌లు అన్నీ పాస్ అయ్యాయి కదా!" అంది శ్రుతి.

"పాస్ కాక ఏమవుతాయి? షిఫ్టు ఉండేవాళ్ళనే మాక్‌కి నేర్పినాము. అది అదే చెప్తాది" అంది మునిలక్ష్మి.

మునిలక్ష్మి వెంటనే కూర్చుని ఫైలు సరిచేసింది. కంగారులో దానికి కొత్త టెస్టు రాయలేదు. అందరి కోడూ ఉండే సర్వర్‌లోకి పంపబోతే తీసుకోలేదు. ఈలోపు అదే ఫైలును ఇంకెవరో మార్చారట. ఇద్దరి మార్పులూ వరస వరసా పోల్చి, రెండూ నిలిచేలా కలిపి పంపింది.

మర్నాడు కొత్త వెర్షన్ జిగణి చేరింది. మళ్ళీ అదే ఫోను.

"నిన్ననే సరిచేస్తిమంటిరి కదమ్మా!"

శ్రుతి అందరి ముందూ పిలిచింది. "ఫిక్స్ చేశానన్నావ్. ఏది?"

మునిలక్ష్మి చెవులు వేడెక్కాయి. సీటుకొచ్చి ఫైలు చరిత్ర తెరిచింది. తన మార్పు ఉంది. దాని తర్వాత, తనతో పాటు అదే కోడు రాసే ప్రవీణ్ పంపింది ఉంది. అందులో తన వరసలు లేవు.

"ఏమప్పా ప్రవీణ్, నా కోడ్ యాడికి పోయింది?"

ప్రవీణ్ తల గోక్కున్నాడు. "ఇద్దరం ఒకే చోట మార్చినామని కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందక్కా. స్క్రీన్ అంతా రెడ్. ఏది ఎవరిదో అర్థం కాలేదు. నా ఫైలే ఉంచమని నొక్కేసినా. టెస్ట్‌లు పాస్ అయినాయి కదా!"

ఆ మాట వినగానే ఆమెకు కుర్చీ ఎత్తి పడేయాలనిపించింది. పడేయలేదు. పోయిన వరసలు వెనక్కి తెచ్చింది. చిన్నదే అయినా అసలు డేటాబేస్ ఒకటి పెట్టి, షిఫ్టు లేని పనివాడిని అందులో చేర్చి, దాని మీదే నడిచే టెస్టు రాసింది.

"ఇది చాలా స్లో" అని శ్రుతి గొణిగింది.

"వానలో నిలబడినోళ్ళకి చెప్పండి ఆ మాట."

గేటు తెరుచుకుంది. కానీ వారాంతపు రిపోర్టులో తప్పు మునిలక్ష్మి పేరు మీదే పడింది. మార్చమని అడిగితే, "అయిపోయింది కదా, వదిలెయ్" అంది శ్రుతి. తప్పు తనదేనని శ్రుతికి చెబుతానన్న ప్రవీణ్ చెప్పనే లేదు. కిక్కిరిసిన బస్సులో నిలబడి ఇల్లు చేరేదాకా మునిలక్ష్మి వాళ్ళిద్దరితో మనసులోనే పోట్లాడుతూ ఉంది.

కొన్నాళ్ళకు బెళ్ళందూరులో ఇంకో ఉద్యోగం చూసుకుంది. ఇంటర్వ్యూలో ఆమె అడిగింది ఒక్కటే: "మీ టెస్టులు అసలు డేటాబేస్ మీద నడుస్తాయా?"

"లేదు, అన్నీ మాక్‌లే" అన్నారు.

కనీసం దాచకుండా చెప్పారు కదా అనుకుని, నిట్టూర్చి చేరింది.