గొట్టం సీసాల పెద్దమ్మ

మిల్లు వెనక మా వరస ఇళ్ళలో చంటిపిల్లల తల్లులందరికీ ఆవిడే దిక్కు. పేరేమిటో ఎవరికీ పట్టలేదు. గొట్టం సీసాల పెద్దమ్మ అంటే చాలు. పొద్దున మిల్లు కూత వినబడగానే తల్లులు పిల్లల్ని ఆవిడ గదిలో చాప మీద పడుకోబెట్టి పరుగెత్తేవారు. కిటికీ లేని గది, గుమ్మం ముందే మురుగుకాలువ. వీధికంతటికీ ఒకటే కుళాయి, దాని పక్కనే పాయిఖానాలు. ఆ ఇళ్ళు కట్టించిన మహానుభావుడు వాటిలో ఒక్క పూట ఉండి ఎరగడు. నేను పక్క గదిలో కుట్టుపని చేసుకునేదాన్ని.

పెద్దమ్మ శుభ్రానికి పెట్టింది పేరు. సీసాలు బూడిదతో తోమి తళతళా మెరిపించేది. ఒక్కో సీసాకి మూరెడు రబ్బరు గొట్టం, దాని చివర పాలపీక. పీక నోట్లో పెడితే చాలు, పిల్లలు పడుకునే తాగేస్తారు. ఒంటి చేత్తో అంతమందిని సాకడానికి ఆవిడకి వేరే దారి లేదు. గొట్టాన్ని కుళాయి కింద పట్టి, నీళ్ళు అటు నుంచి ఇటు వస్తే కడిగేసినట్టే అనుకునేది. మేమూ అలాగే అనుకున్నాం.

ఎండలు ముదిరితే విరేచనాలు మొదలయ్యేవి. ఏటా చాప మీద కొన్ని చోట్లు ఖాళీ అయ్యేవి. "పళ్ళొచ్చే విరేచనాలమ్మా, మన చేతుల్లో ఏముంది?" అంటూ పెద్దమ్మ తల్లితో సమానంగా గుండెలు బాదుకునేది. అది దొంగ ఏడుపు కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ వేసవికి చాప మీద ఆవిడ సొంత మనవరాలు చేరింది. కూతురు పురిటి మంచం దిగీదిగగానే మిల్లుకి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ పాలు పొంగి బట్టలు తడిసిపోయేవి. అప్పుడే ఒక సెలవు రోజున, ఇల్లిల్లూ తిరిగే కొత్త నర్సమ్మ వచ్చింది.

"పెద్దమ్మా, ఆ గొట్టాలు పారేయండి. గిన్నె, చెంచా వాడండి. మీ అమ్మాయిని మధ్యాహ్నం వచ్చి పాలిచ్చి వెళ్ళమనండి."

"నీకెంతమంది పిల్లలమ్మా?"

"నాకింకా పెళ్ళి కాలేదండీ."

పెద్దమ్మ గుమ్మం దగ్గర చేరిన మా ఆడవాళ్ళ వైపు తిరిగింది. "చూశారా? చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ!" అందరం పకపకా నవ్వాం.

కూతురు మాత్రం నవ్వలేదు. "అమ్మా, మేస్త్రీని అడిగి ఓసారి వచ్చి పోతానే."

"అడిగితే మళ్ళీ పనిలోకి రావద్దంటాడు. నిన్ను పెంచింది నేను కాదూ?"

మర్నాడు కూత వినబడగానే కూతురు బిడ్డని చాప మీద పడుకోబెట్టి వెళ్ళింది.

కొద్ది రోజులకే పసిదానికి విరేచనాలు పట్టుకున్నాయి. నర్సమ్మ వచ్చేసరికి కళ్ళు లోతుకు పోయి, మాడు గుంటపడింది. "పళ్ళొస్తున్నాయి," అంది పెద్దమ్మ. నెలల పిల్లకి పళ్ళేమిటని నర్సమ్మ వాదించలేదు. కత్తెర తీసి గొట్టాన్ని నిలువునా చీల్చింది. లోపలంతా నల్లటి జిగురు పేరుకుపోయి ఉంది. గదిలో కుళ్ళు వాసన కొట్టింది.

పెద్దమ్మ మిగతా పిల్లల నోళ్ళలోంచి పీకలు గబగబా లాగేసింది. వాళ్ళు గుక్కపట్టి ఏడ్చారు. పసిది ఏడవలేదు.

"అయితే ఇన్నేళ్ళూ... అవి పళ్ళు కాదా?"

నర్సమ్మ నీళ్ళు కాచడానికి పొయ్యి అంటించింది. నేను మిల్లుకి పరుగెత్తాను.

కూతురు మేస్త్రీని అడగకుండానే వచ్చేసింది. చాప మీదే కూలబడి, బిడ్డని ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందించింది. "తాగమ్మా, తాగు." పాలు వాటంతటవే ధారగా కారుతున్నాయి. చిన్నదాని పెదాలు కదల్లేదు. పాలు బుగ్గ మీదుగా జారి చాపలోకి ఇంకిపోతున్నాయి. తల్లి రొమ్ము మార్చి మళ్ళీ పట్టించింది.