వాగులో నీటికుక్కల సంగతి

ఆమెను ఊళ్లో అందరూ రేడియో అంటారు. పొద్దున్నే మూడు చక్రాల బండిలో పాల డబ్బాలు వేసుకుని పదకొండు ఇళ్లు తిరుగుతుంది. కొలిచి పోయించుకున్న పాలను ఎండ ముదరకముందే పాలకేంద్రంలో అప్పజెబుతుంది. ఇంటింటికీ పాలతోపాటు కబురు కూడా మారుతుంది. దాని నోట్లో నువ్వుగింజ నానదని మొగుడే నవ్వుతాడు. అలాగని ఆమెవి కొంపలు కూల్చే కబుర్లు కావు. బడి వెనక కంచె మీద తీగ చిగురేసింది, వడ్రంగి ఇంట్లో కోడి పదమూడు పిల్లల్ని లేపింది, ఇవాళ మొదటిసారి స్వెట్టర్ విప్పి బండి నడిపాను. ఇలాంటివే. చలి వెనక్కి తగ్గి ఎండ ఒంటికి హాయిగా తగిలే ఆ నాలుగు వారాలూ ఆమె కబుర్లకు కరువుండదు. పేడకుప్పల మీద లేచే ఆవిరి చూసినా ఆమెకు సంబరమే.

తిరుగు దారిలో వాగు ఒడ్డున కుట్టుపెద్దమ్మ ఇంటి ముందు ఆగి అర లీటరు పాలు పోస్తుంది. పెద్దమ్మ మోకాళ్లు పట్టేసి రెండేళ్లయింది. గడప దాటదు. కుట్టుమిషన్ను వెనక కిటికీ దగ్గరికి జరిపించుకుని, జాకెట్లు కుడుతూ వాగును చూస్తూ ఉంటుంది.

ఒకరోజు పెద్దమ్మ వేలు పెదవి మీద పెట్టుకుని పిలిచింది.

"చెప్పులు విప్పి రా అమ్మాయ్. చప్పుడు చెయ్యకు."

కిటికీలోంచి చూస్తే వాగు మధ్యలో పెద్ద బండ మీద ఒక నీటికుక్క. దాని పక్కన రెండు పిల్లలు. తడిసి నిగనిగలాడుతూ ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. తల్లి నీళ్లలోకి జారితే వెంటపడి జారుతున్నాయి, మళ్లీ బండ ఎక్కలేక కిచకిచలాడుతున్నాయి. తల్లి వాటి మెడ నోట కరుచుకుని పైకి లాగుతోంది.

"ఎవరికీ చెప్పకు," అంది పెద్దమ్మ. "నలుగురికీ తెలిస్తే ఇవి బతకవు."

"ఛ, నేనెందుకు చెప్తాను పెద్దమ్మా!"

ఎనిమిది రోజులు మాట నిలబెట్టుకుంది. రోజూ పావుగంట ఆ కిటికీ దగ్గర నిలబడేది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు, పిల్లలు బోర్లాపడితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. పదకొండు ఇళ్లలో ఎవరికీ తెలియని సంగతి తన దగ్గర ఉందన్న గర్వంతో రేడియో బండి కూడా హుషారుగా నడిపేది.

తొమ్మిదో రోజు మరిది ఇంటికి వెళ్లింది. ఆమె పాలు పోయించుకునే ఇళ్లలో అదే ఆఖరుది. మరిది వెనక కుంటలో చేపలు పెంచుతాడు. ఆరోజు ముఖం ముడుచుకుని ఉన్నాడు.

"గట్టు మీదంతా సగం కొరికిన చేపలే వదినా. పాడు కొంగలు."

రేడియో టీ గ్లాసు పట్టుకుని ఫక్కున నవ్వింది. "కొంగ సగం కొరికి వదిలేస్తుందా అబ్బాయ్? గుటుక్కున మింగేస్తుంది. అవి నీటికుక్కలు!"

"నువ్వు చూశావా?"

అక్కడ ఆగినా సరిపోయేది. ఆగలేదు. ఎక్కడ ఏ బండ మీద కూర్చుంటాయో, ఎన్ని గంటలకు వస్తాయో, తల్లి ఎటు నుంచి ఈదుతుందో చేతులు తిప్పుతూ చెప్పింది. టీ అయిపోయేసరికి సంగతీ అయిపోయింది. బండి ఎక్కాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వాడు మెత్తని మనిషి, ఏం చేస్తాడులే అని సర్దుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆమెకు తెలియనిది కాదు.

మర్నాడు కిటికీలోంచి చూస్తే బండ ఖాళీ. ఆ మర్నాడు మరిది ఎదురొచ్చి మరీ పిలిచాడు.

"నీ పుణ్యమే వదినా! నువ్వు చెప్పిన చోటే ఉచ్చు పెట్టా. ఒక్క రాత్రికే పడింది."

గట్టు మీద కర్రకు తలకిందులుగా వేలాడుతోంది తల్లి. పొట్ట కింద చనుమొనలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. రోజూ పొదుగులు చూసే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మరిది రెండు పెద్ద చేపలు సంచిలో వేసి ఇచ్చాడు. తీసుకుంది. మొగుడు వండించుకుని లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఆమె కడుపునొప్పని పడుకుంది.

"రెండ్రోజుల్నుంచి కనబడట్లేదు అమ్మాయ్," అంది పెద్దమ్మ.

"నీళ్లు తగ్గాయి కదా. పైకి పోయుంటాయి."

మొదటి అబద్ధం పాలచెంబు వైపు చూస్తూ చెప్పింది. రెండోది సులువుగానే వచ్చింది. అయిదో రోజు పెద్దమ్మ దిగులు చూడలేక, "నిన్న వంతెన దగ్గర చూశా. మూడూ ఉన్నాయి," అనేసింది. పెద్దమ్మ ముఖం విప్పారింది. మిషన్ ఆపి, పిల్లలు పెరిగాయా, ఈత వచ్చిందా అని గుచ్చిగుచ్చి అడిగింది. రేడియో అన్నింటికీ జవాబు చెప్పింది.

మర్నాడు వెళ్లేసరికి పెద్దమ్మ గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిలో కర్ర.

"నీ బండిలో వంతెన దాకా తీసుకెళ్లు. డబ్బాల పక్కన సర్దుకుని కూర్చుంటాలే. ఒక్కసారి చూసొస్తా."

రెండేళ్లుగా గడప దాటని మనిషి. రేడియో పాలచెంబు కింద పెట్టింది.

"వంతెన దగ్గర ఏమీ లేవు పెద్దమ్మా. తల్లి చచ్చిపోయింది. మా మరిది ఉచ్చు పెట్టాడు. నేనే చెప్పాను."

పెద్దమ్మ కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. "ఎందుకు చెప్పావ్?" అంది. తిట్టినట్టు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు.

"నాకు తెలుసని అనిపించుకోవాలని. అంతే."

"పిల్లలు?"

"తెలీదు."

"తెలుసుకో." కర్ర ఊతంతో లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

రేడియో ఆ సాయంత్రమే మరిది దగ్గరికి వెళ్లి ఉచ్చు తీసెయ్యమంది. అతను ఆశ్చర్యపోయాడు.

"చేపలు తినేవాటిని ముద్దు పెట్టుకోమంటావా? చూపించింది నువ్వే కదా వదినా!"

"నేనే. అందుకే అడుగుతున్నా. కుంట చుట్టూ వల కడదాం. నేనొచ్చి కడతా."

మరిది గొణిగాడు గానీ తీశాడు. రెండు ఆదివారాలు ఆమె, మొగుడూ కలిసి గుంజలు పాతి వల బిగించారు. మిగిలిన పొద్దుల్లో రేడియో వాగు ఒడ్డంతా వెతికింది. నాలుగో రోజు చెట్టు వేళ్ల సందులో ఒక పిల్ల దొరికింది, ఎండిపోయి, పిడికెడంత. అక్కడే గుంట తీసి పూడ్చింది. రెండోదాని జాడ బురదలోనూ లేదు. పెద్దమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఈసారి ఒక్క ముక్క కలపలేదు. పెద్దమ్మ తలూపి అర లీటరు పోయించుకుంది.

మరుసటి వారానికి మిషన్ కిటికీ దగ్గర లేదు. వీధి వైపుకు మారింది.

"ఏం రేడియో, స్టేషన్ మూగబోయింది?" అని ఇంటింటా అడిగారు. గొంతు బాగాలేదంది. దారి పొడుగునా చెట్లు పూతకొచ్చాయి, తేనెటీగలు చెవి పక్కనుంచే పోతున్నాయి. అన్నీ చూస్తోంది. చూసినప్పుడల్లా ముందు సంతోషం కలుగుతుంది, ఆ వెంటనే తనకిది తగదన్నట్టు చూపు తిప్పుకుంటుంది. మరిది మాత్రం ఎప్పట్లాగే టీ ఇస్తున్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు.

నెల దాటాక ఒకరోజు పాలు పోసి వెనుదిరుగుతుంటే పెద్దమ్మ పిలిచింది.

"తొందరేం లేకపోతే ఈ సూదికి దారం ఎక్కించు. కళ్లు ఆనట్లేదు."

రేడియో గడప మీద కూర్చుంది. దారం కొసను నోట తడిపి, వెలుగుకు పట్టి ఎక్కించింది. ఇంకో సూది తీసింది. పెద్దమ్మ గుండీలు ఏరుకుంటూ ఉంది. సూదుల దిండులో ఇంకా ఆరేడు ఉన్నాయి. అన్నింటికీ ఎక్కిస్తే రేపు పిలవదేమో అనిపించింది. మూడింటికి మాత్రం ఎక్కించి, దిండు పెద్దమ్మ చేతికి అందేలా పెట్టి లేచింది.